లాకుల రద్దీ: ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్ల విభాగంలో

ఒకే లాకు కోసం పలు థ్రెడ్‌లు ఒకేసారి పోటీ పడినప్పుడు, దాన్ని దక్కించుకున్నది పని చేసుకుంటుంటే మిగిలినవి ఆగిపోతాయి. కంప్యూటర్ శాస్త్రంలో దీన్ని లాక్ కంటెన్షన్ అంటారు. తెలుగులో లాకుల రద్దీ అనవచ్చు. ఇది బాగా కనిపించే చోట్లలో ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్ల విభాగం ఒకటి. ఫైలు తెరవడం, చదవడం, రాయడం, పేరు మార్చడం పైకి చిన్న పనులే. కానీ ప్రతి పని వెనకా కెర్నల్‌లో అందరూ పంచుకునే పట్టికలు, లెక్కలు ఉంటాయి. ఇద్దరు ఒకేసారి మారిస్తే అవి పాడవుతాయి కనుక లాకు వేయాలి. లాకు వేశాక వరస తప్పదు.

గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్లకు లాకులన్న మాట కొత్తది కాదు. కాలువలో పడవలు ఒక మట్టం నుంచి మరో మట్టానికి దాటేందుకు కట్టిన గేట్ల అరలను అక్కడ లాకులనే అంటారు. అర్థం వేరైనా ఇబ్బంది ఒకటే. కాలువ ఎంత వెడల్పున్నా లాకు దగ్గర పడవ వంతు కోసం ఆగాల్సిందే.

ఈ వ్యాసం ప్రధానంగా లినక్స్ కెర్నల్ అనుభవాన్ని ఆధారం చేసుకుంటుంది. ఏ లాకు ఎందుకు పెట్టారో, ఎవరు తీశారో, తీశాక ఏం జరిగిందో బహిరంగ చరిత్రగా దొరికే పెద్ద కెర్నల్‌లలో అదొకటి.

రద్దీ ఎందుకు పుడుతుంది

పనిలో కొంత భాగం ఒకరి తర్వాత ఒకరు మాత్రమే చేయగలిగేదైతే, ఎన్ని ప్రాసెసర్లు పెట్టినా వేగానికి ఒక హద్దు ఉంటుందని జీన్ ఆమ్‌డాల్ 1967లో చూపాడు. వందకు ఐదు పాళ్లు అలాంటి పనైతే వెయ్యి కోర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. అయితే ఆమ్‌డాల్ సూత్రం చెప్పేది వేగం పెరగడం ఆగిపోతుందనే. నిజ జీవితంలో లాకుల దగ్గర వేగం ఆగిపోవడమే కాదు, వెనక్కి కూడా వెళుతుంది.

దానికి కారణం ప్రాసెసర్ల క్యాష్. మామూలు సర్వర్ ప్రాసెసర్లలో జ్ఞాపకశక్తి 64 బైట్ల తునకలుగా కోర్ల మధ్య తిరుగుతుంది. ఒక కోర్ ఒక తునకలో ఏదైనా రాయాలంటే, మిగిలిన కోర్ల దగ్గరున్న ప్రతులన్నీ చెల్లకుండా పోవాలి. లాకు కూడా జ్ఞాపకశక్తిలో ఒక అంకే కనుక దాన్ని తీసుకున్న ప్రతిసారీ ఆ తునక ఒక కోర్ నుంచి మరో కోర్‌కు ప్రయాణం చేస్తుంది. చదివేవాళ్లందరినీ ఒకేసారి లోపలికి పంపే రీడర్-రైటర్ లాకు పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ లాకు కూడా లోపల ఎంతమంది ఉన్నారో లెక్క రాసుకోవాలి. ఎవరూ ఎవరి కోసమూ ఆగకపోయినా ఆ లెక్క ఉన్న 64 బైట్ల కోసం కోర్లు కొట్టుకుంటాయి. ఫైళ్ల విభాగంలో కనిపించే సగం వింతలకు మూలం ఇదే: రద్దీ లాకుకే పరిమితం కాదు, పంచుకుని రాసే ప్రతి అంకె దగ్గరా ఉంటుంది.

ఇల్లంతటికీ ఒకే తాళం

1996లో వచ్చిన లినక్స్ 2.0 ఒకటికి మించిన ప్రాసెసర్లున్న యంత్రాల మీద పనిచేయగలిగింది. అందుకు ఎంచుకున్న దారి సులువైనది. కెర్నల్ మొత్తానికి ఒకే లాకు. దాని పేరు బిగ్ కెర్నల్ లాక్. ఉమ్మడి కుటుంబంలో బియ్యం గది నుంచి ఇనప్పెట్టె దాకా అన్నిటికీ ఒకే తాళంచెవి, అది పెద్దావిడ కొంగున ఉన్నట్టు. ఇద్దరు ముగ్గురు ఉన్న ఇంట్లో ఇబ్బంది లేదు. కోర్లు పెరిగిన కొద్దీ కెర్నల్ గుమ్మం ముందు గుంపు పెరిగింది. ఫ్రీబీఎస్‌డీ వాళ్లకూ ఇలాంటిదే ఉండేది. దానికి జెయింట్ అని పేరు పెట్టారు.

రోజూ జరిగే చదవడం, రాయడం త్వరలోనే ఈ లాకు కింది నుంచి బయటపడ్డాయి. మూలన పడిన పనులు మాత్రం చాలాకాలం దాన్ని వదల్లేదు: పరికరాలకు పంపే ప్రత్యేక ఆజ్ఞలు, ప్రోగ్రాములు ఫైళ్ల మీద వేసుకునే ఫ్లాక్ తరహా తాళాలు, కొన్ని ఫైల్ సిస్టమ్‌ల సొంత గదులు. చిక్కేమిటంటే ఈ లాకు దేన్ని కాపాడుతోందో ఎక్కడా రాసిలేదు. పైగా దీన్ని పట్టుకున్న థ్రెడ్ నిద్రపోతే అది దానంతటదే విడిపోయి, లేచాక మళ్లీ చేతికి వచ్చేది. ఆ అలవాటు మీద ఆధారపడిన పాత కోడ్‌ను ఒక్కొక్కటిగా వెతికి మార్చాల్సి వచ్చింది. ఆర్న్డ్ బెర్గ్‌మన్ తదితరులు ఆ పని ముగించి, 2011 మేలో వచ్చిన 2.6.39లో దాన్ని పూర్తిగా తీసేశారు. పెట్టడానికి ఒక విడుదల పట్టింది, తీయడానికి పదిహేనేళ్లు పట్టింది. లాకు వేసేటప్పుడు అది ఏ డేటాను కాపాడుతుందో పక్కన ఒక్క వాక్యం రాసిపెట్టని ప్రతి ప్రాజెక్టుకూ చివరికి ఇదే గతి పడుతుంది.

పేరు నుంచి ఫైలు దాకా

ఒక ఫైలు తెరవమని అడిగితే కెర్నల్ దాని దారిని ముక్కలుగా నడుస్తుంది: మొదట మూల డైరెక్టరీ, తర్వాత యూఎస్ఆర్, తర్వాత లిబ్, అలా. ఇలా నడిచిన పేర్లను జ్ఞాపకశక్తిలో దాచుకునే చోటు డెంట్రీ క్యాష్. ఫైలు పూర్తి దారి ఏదైనా మూల డైరెక్టరీ నుంచే మొదలవుతుంది కనుక అలాంటి దారి నడిచే ప్రతిసారీ అన్ని కోర్లూ ఆ ఒక్క డెంట్రీని తాకుతాయి. దాన్ని ఎవరూ చెరిపేయకుండా, వాడుతున్నవాళ్ల లెక్కలో ఒకటి కలిపి, పనయ్యాక ఒకటి తీసేస్తాయి. ఆ లెక్కే రద్దీకి కేంద్రం. దీనికి తోడు క్యాష్ అంతటినీ కాపాడే డీక్యాష్ లాక్ అనే లాకు ఉండేది.

దీనికి మందు ఆర్‌సీయూ, అంటే రీడ్-కాపీ-అప్‌డేట్. పాల్ మెకెన్నీ, జాన్ స్లింగ్‌వైన్ సీక్వెంట్ కంపెనీ కెర్నల్‌లో రూపొందించిన ఈ పద్ధతి 2002లో లినక్స్ 2.5 వరసలోకి వచ్చింది. చదివేవాడు లాకు తీసుకోడు, పంచుకున్న చోట ఏ అంకే రాయడు. మార్చేవాడు పాత వస్తువును ముట్టకుండా కొత్త ప్రతి తయారుచేసి, దాని చిరునామాను ఒక్క దెబ్బతో పాతదాని స్థానంలో పెడతాడు. పాతదాన్ని చూస్తున్నవాళ్లంతా బయటపడ్డారని తేలాకే దాన్ని పారేస్తారు. దుకాణంలో కొత్త ధరల పట్టిక గోడకు తగిలించి, పాత పట్టిక చేతిలో ఉన్నవాళ్లంతా గడప దాటాక దాన్ని చించేయడం లాంటిదిది. మార్పులు అరుదు, చదవడం నిత్యం అయిన చోట దీనికి సాటి లేదు. డైరెక్టరీ పేర్లు సరిగ్గా అలాంటివే.

నిక్ పిగ్గిన్ దీన్ని దారి వెతకడానికి అన్వయించాడు. ఆయన పని 2011 మార్చిలో 2.6.38తో విడుదలైంది, డీక్యాష్ లాక్ పోయింది. కొత్త పద్ధతిలో ప్రతి డెంట్రీకీ ఒక క్రమసంఖ్య ఉంటుంది. నడిచేటప్పుడు ఆ సంఖ్యను చూసుకుంటూ, ఏ లెక్కా పెంచకుండా దారి చివరిదాకా వెళతారు. మధ్యలో సంఖ్య మారిందంటే ఎవరో పేరు మార్చారన్నమాట. అప్పుడు నడక మళ్లీ మొదలవుతుంది, అవసరమైతే పాత పద్ధతిలో లెక్కలు పెంచుకుంటూ సాగుతుంది. దారి చివర ఒక్క లెక్క మాత్రం తప్పదు. ఆ మిగిలిన లెక్కను, దాని లాకునూ కలిపి 64 బిట్ల ఒకే అంకెగా చేసి, లాకు తీసుకోకుండానే లెక్క మార్చే లాక్‌రెఫ్ 2013లో 3.12తో వచ్చింది. దాని వెనక వైమన్ లాంగ్, లైనస్ టోర్వాల్డ్స్ ఉన్నారు.

సైజు అడిగితే తాళమెందుకు

ఈ రంగంలో అందరూ చదవాల్సిన పరిశోధన 2010లో వచ్చింది. ఎంఐటీకి చెందిన సైలస్ బోయ్డ్-విక్కిజర్, ఆస్టిన్ క్లెమెంట్స్, ఫ్రాన్స్ కాషుక్, రాబర్ట్ మోరిస్, నికొలాయ్ జెల్డోవిచ్ తదితరులు ఏడు ప్రోగ్రాములను 48 కోర్ల యంత్రం మీద పరుగెత్తించి, లినక్స్ ఎక్కడ తడబడుతోందో వెతికారు. పాత తరహా కెర్నల్ నిర్మాణమే అన్ని కోర్లకు పనికిరాదన్న అనుమానం అప్పట్లో బలంగా ఉండేది. వాళ్లకు దొరికినవి మాత్రం చిన్న చిన్న ముళ్లే. కెర్నల్ మార్పులన్నీ కలిపి 3,002 పంక్తులు.

అందులో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కథ ముచ్చటైనది. ఈ డేటాబేస్ ప్రతి ప్రశ్నకూ జవాబు వెతికేముందు తన ఫైలు ఎంత పొడవుందో తెలుసుకోవాలి. అందుకు ఎల్‌సీక్ అనే కెర్నల్ పిలుపుతో ఫైలు చివరికి వెళ్లి స్థానం అడుగుతుంది. ఎల్‌సీక్ అప్పట్లో ఆ ఫైలు ఐనోడ్ (ఫైలు వివరాలుండే కెర్నల్ నమోదు) మీద మ్యూటెక్స్ అనే లాకు తీసుకునేది. ఒక్క అక్షరం చదవలేదు, రాయలేదు. సైజు చూడటానికే 48 కోర్లు ఒకే తలుపు ముందు నిలబడ్డాయి. 64 బిట్ల యంత్రంలో ఒక 64 బిట్ల అంకెను చదవడం విడదీయరాని ఒకే చర్య. దానికి తాళం అక్కర్లేదు. పరిశోధకులు లాకు తీసేసి నేరుగా అంకె చదివారు. ఆ తర్వాత ప్రధాన కెర్నల్‌లోనూ ఎల్‌సీక్‌కు లాకు బెడద తగ్గింది. డిస్కు వేగం మీదో, మెమరీ మీదో నెట్టేసిన ఎన్నో మందకొడితనాల వెనక ఇలాంటి పిలుపు ఒకటి దాగి ఉండవచ్చు.

అదే పరిశోధన మెత్తని లెక్కలను, అంటే స్లాపీ కౌంటర్లను ప్రతిపాదించింది. ఎంతమంది వాడుతున్నారో తెలిపే లెక్కను ఒకచోట ఉంచకుండా ప్రతి కోర్‌కూ కొంత వాటా ఇచ్చేస్తారు. సొంత వాటాలో సర్దుకున్నంతసేపు పక్కవాడి జోలికి పోనక్కర్లేదు. మొత్తం ఖచ్చితంగా తెలియాల్సిన రోజున అందరి దగ్గరికీ వెళ్లి కూడాలి. ఎక్కువగా పెంచడం, తగ్గించడమే తప్ప అరుదుగా మాత్రమే మొత్తం అడిగే చోట ఈ బేరం లాభసాటి.

లాకే నేరస్తుడైనప్పుడు

కాపాడుతున్న పని కొద్దిదైనా, లాకు రకం మంచిది కాకపోతే వ్యవస్థ కుప్పకూలుతుంది. లినక్స్ 2008లో టికెట్ స్పిన్‌లాక్‌కు మారింది: వచ్చినవాడు టోకెన్ తీసుకుని తన అంకె వచ్చేదాకా బోర్డు చూస్తూ ఉంటాడు. న్యాయమైనదే, కానీ అందరూ చూసే బోర్డు ఒకటే. అంకె మారిన ప్రతిసారీ వేచివున్న కోర్లన్నీ దానికోసం ఎగబడతాయి. రద్దీ ఎక్కువైన కొద్దీ లాకు చేతులు మారడమే ఆలస్యమై, రద్దీ ఇంకా పెరుగుతుంది. కోర్లు కలిపితే పని తగ్గే ఈ వింతను బోయ్డ్-విక్కిజర్ బృందం 2012లో లెక్కలతో వివరించింది. మెల్లర్-క్రమ్మీ, స్కాట్ 1991లోనే ప్రతిపాదించిన ఎంసీఎస్ లాకులో ఎవరి బోర్డు వాళ్లకే ఉంటుంది. ముందున్నవాడు వెళుతూ వెనకవాడి భుజం తడతాడు. ఆ ఆలోచనను నాలుగు బైట్లలో ఇమిడ్చిన క్యూ స్పిన్‌లాక్ 2015లో 4.2తో వచ్చింది.

ఒకే ఫైలు, పలువురు రాసేవాళ్లు

ప్రతి ఫైలుకూ ఉండే ఐనోడ్‌కు ఒక లాకు ఉంటుంది. 2016లో వచ్చిన 4.7 దాకా అది ఒకరినే అనుమతించే మ్యూటెక్స్. అల్ వైరో దాన్ని రీడర్-రైటర్ తరహా లాకుగా మార్చాక ఒకే డైరెక్టరీలో పలువురు ఒకేసారి పేర్లు వెతకగలిగారు. కొత్త ఫైలు సృష్టించడానికి, ఉన్నది తీసేయడానికి మాత్రం డైరెక్టరీ ఇప్పటికీ ఒకరి చేతిలోనే ఉండాలి.

రాయడం దగ్గర అసలు ప్రశ్న కోడ్‌ది కాదు, మాట నిలబెట్టుకోవడానిది. ఒకరు పెద్ద ముక్క రాస్తుండగా మరొకరు చదివితే పాతదంతా కనబడాలా, కొత్తదంతా కనబడాలా, సగం సగమైనా ఫరవాలేదా? సగం సగం కూడదనే పట్టుదల ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ది. అందుకే అది మామూలుగా చదివేవాళ్లతోనూ లాకు తీసుకునేలా చేస్తుంది. రాస్తున్నవాడు ఉంటే చదివేవాడు ఆగుతాడు. మరో ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో మామూలు చదువు ఆ లాకు జోలికే పోదు. చదువు, రాత కలగలిసిన పనిలో అది వేగంగా కనిపిస్తుంది. ఈ తేడాను వేగం పట్టికల్లో చూసి ఒకదాన్ని మెచ్చుకోవడం, మరొకదాన్ని తిట్టడం పరిపాటి. పట్టికలో కనబడనిది వాగ్దానంలోని తేడా. నిజానికి ఇక్కడ కొనుగోలు చేస్తున్నది వేగం కాదు, ఖచ్చితత్వం.

మరోవైపు ఫైలు పేజీలను జ్ఞాపకశక్తిలో దాచే పేజీ క్యాష్‌ను దాటి నేరుగా డిస్కుకు రాసే డైరెక్ట్ ఐఓలో ఇదే ఎక్స్ఎఫ్ఎస్ చాలా ఉదారం. సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ ఐరిక్స్ రోజుల నుంచి డైరెక్ట్ ఐఓలో ఒకే ఫైలులో పలువురు ఒకేసారి రాయడానికి అది పంచుకునే లాకు ఇస్తుంది. ఒకరి మీద ఒకరు రాసుకోకుండా చూసుకోవడం డేటాబేస్ బాధ్యత. ముందే కేటాయించి ఉన్న బ్లాకుల మీద తిరగరాసే సందర్భాల్లో ఈఎక్స్‌టీ4 కూడా తర్వాత అదే దారి పట్టింది. జెడ్‌ఎఫ్‌ఎస్‌ది మూడో దారి. ఫైలులో ఏ బైటు నుంచి ఏ బైటు దాకా తాకుతున్నారో చూసి అంత మేరకే లాకు వేస్తుంది. పొలమంతా కాకుండా తాను దున్నే మడికే గట్టు వేసుకోవడం అది. ఆ గట్ల చిట్టా నడపడానికీ ఖర్చు ఉంటుంది, కనుక చిన్న ఫైళ్లకు అది దండగ అనే వాదన ఉంది.

2016లో జార్జియా టెక్ పరిశోధకుడు చాంగ్వూ మిన్ బృందం 80 కోర్ల యంత్రం మీద ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్, ఎఫ్2ఎఫ్ఎస్, టీఎంపీఎఫ్ఎస్‌లను ఎఫ్ఎక్స్‌మార్క్ అనే పరీక్షలతో కొలిచింది. ఒకే ఫైలులో వేర్వేరు చోట్ల రాసినా ఒకరి తర్వాత ఒకరే సాగుతున్నారని, అందరూ ఒకే పేజీని చదివినా ఆ పేజీ లెక్క దగ్గర వేగం కుప్పకూలుతోందని ఆ కొలతల్లో తేలింది.

పేజీ క్యాష్, జర్నల్

పేజీ క్యాష్‌లో ఫైలు పేజీలను వెతికే చెట్టుకు ఒకప్పుడు చదివేటప్పుడు కూడా లాకు ఉండేది. పిగ్గిన్ పనితో 2008లో 2.6.27 నుంచి అది చదువులకు అక్కర్లేకుండా పోయింది. పాత పేజీలను ఏరిపారేసే జాబితా లాకు రద్దీని గుత్తగా తగ్గిస్తారు: ప్రతి కోర్ కొన్ని పేజీలను తన చిన్న సంచిలో పోగేసుకుని, నిండాక ఒక్కసారి లాకు తీసుకుని పెద్ద జాబితాలో కుమ్మరిస్తుంది.

జర్నల్ అనే మార్పుల చిట్టాది కూడా ఆ కిటుకే. డిస్కు మీద మార్పుల చిట్టా ఒకటే కనుక దానికి వరస తప్పదు. ఎక్స్ఎఫ్ఎస్‌లో డేవ్ చిన్నర్ తెచ్చిన ఆలస్యపు చిట్టా పద్ధతి మార్పులను జ్ఞాపకశక్తిలో కలిపి, ఒకే వస్తువు పదిసార్లు మారినా ఒక్కసారే రాస్తుంది.

పరికరం గుమ్మం

తిరిగే డిస్కుల రోజుల్లో ఇన్ని తంటాలు అక్కర్లేకపోయాయి. తిరిగే డిస్కు సెకనుకు కొన్ని వందల చోట్లకు మించి తాకలేదు. లాకు దగ్గర పోయే సమయం ఆ నిరీక్షణలో కలిసిపోయేది. లినక్స్ బ్లాక్ పొరలో ప్రతి పరికరానికీ ఒకే వరస, ఆ వరసకు ఒకే లాకు. మంచి ఏర్పాటే: అందరి కోరికలూ ఒకచోట చేరితేనే డిస్కు చేయి తక్కువ దూరం తిరిగేలా వాటిని పేర్చవచ్చు.

ఎస్‌ఎస్‌డీలు ఆ లెక్క తలకిందులు చేశాయి. సెకనుకు లక్షల కోరికలు తీర్చే పరికరం ఖాళీగా ఉంటే, దాని ముందు వరస లాకు కోసం కోర్లు తన్నుకుంటున్నాయి. మతియాస్ బ్యోర్లింగ్, యెన్స్ ఆక్స్‌బో, డేవిడ్ నెల్లన్స్, ఫిలిప్ బొనే 2013లో ప్రతిపాదించిన బహుళ వరసల పద్ధతి, బ్లాక్-ఎంక్యూ, 2014 జనవరిలో 3.13తో విడుదలైంది. అందులో ప్రతి కోర్‌కూ సొంత వరస; అక్కడి నుంచి పరికరం ఎన్ని వరసలు ఇస్తే అన్నిటికీ పంపకం. పరికరాల వైపు ఎన్‌వీఎంఈ ప్రమాణం దీనికి సరిగ్గా జతపడింది. పాత ఏహెచ్‌సీఐలో ఒక వరస, అందులో 32 ఆజ్ఞలు. ఎన్‌వీఎంఈలో దాదాపు 65 వేల వరసలు, ఒక్కోదానిలో దాదాపు 65 వేల ఆజ్ఞల దాకా చోటుంది. 2019లో 5.0 విడుదలయ్యేసరికి పాత ఒంటి వరస కోడ్‌ను పూర్తిగా తీసేశారు. లాకును చిన్నది చేయడం, వేగం పెంచడం కాదు ఇక్కడ జరిగింది. పంచుకోవాల్సిన అవసరమే పోయింది. రద్దీ తగ్గించిన ప్రయత్నాల్లో ఇంత శుభ్రంగా కుదిరింది మరొకటి లేదు.

అదే ఏడాది ఆక్స్‌బో తెచ్చిన ఐఓ-యూరింగ్ 5.1తో వచ్చింది. ప్రోగ్రామూ కెర్నలూ రెండు వలయాలను పంచుకుంటాయి: ఒకదానిలో కోరికలు, మరోదానిలో జవాబులు. ఒక్కో వలయంలో రాసేవాడు ఒకడే, తీసేవాడు ఒకడే కనుక తల, తోక అంకెలను క్రమం తప్పకుండా మారిస్తే చాలు, వాటి మధ్య లాకు అక్కర్లేదు.

ప్రోగ్రాము రాసేవాళ్లకు

కెర్నల్ ఎంత మారినా కొంత రద్దీ ప్రోగ్రామే తెచ్చిపెడుతుంది. ఒకే ఫైలు డిస్క్రిప్టర్‌ను పంచుకుని థ్రెడ్‌లు చదివితే, ప్రస్తుత స్థానం అనే అంకె అందరిదీ అవుతుంది, 2014లో 3.14 నుంచి లినక్స్ దానికి ఒక లాకు వేస్తోంది. స్థానాన్ని పిలుపులోనే చెప్పే పీరీడ్, పీరైట్ వాడితే ఆ గొడవ ఉండదు. లక్షల చిన్న ఫైళ్లను ఒకే డైరెక్టరీలో గుమ్మరించడం కన్నా ఉపడైరెక్టరీల్లోకి పంచడం మేలు. ఎగ్జిమ్ మెయిల్ సర్వర్ తన స్పూల్‌ను 62 ఉపడైరెక్టరీలుగా విడదీయగలదు. ఎంఐటీ పరీక్షల్లో అలా విడదీశాక కూడా దానికి చివర మిగిలిన అడ్డంకి డైరెక్టరీ లాకులే.

ముందు కొలవాలి. లినక్స్‌లో పర్ఫ్ పరికరంలోని లాక్ విభాగం, కెర్నల్‌లో లాక్‌స్టాట్ ఏ లాకు దగ్గర ఎంతసేపు ఆగారో చూపుతాయి. కొలవకుండా లాకులు చీల్చడం ప్రమాదకరం. ఒకటి రెండయ్యాక వాటిని ఏ వరసలో తీసుకోవాలన్న నియమం కావాలి. అది తప్పితే ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఇద్దరూ శాశ్వతంగా ఆగిపోతారు. ఇంగో మోల్నార్ రాసి 2006లో 2.6.18తో కెర్నల్‌లో చేర్చిన లాక్‌డెప్ అలాంటి తప్పులను పట్టుకోవడానికే.

తీయలేని లాకులు

కొన్ని లాకులు కోడ్‌లో లేవు, ఇంటర్‌ఫేస్ ఇచ్చిన మాటలో ఉన్నాయి. ఫైలు తెరిచినప్పుడు వాడుకలో లేని అంకెల్లో అతి చిన్నదాన్నే డిస్క్రిప్టర్‌గా ఇవ్వాలని పోసిక్స్ ప్రమాణం చెబుతుంది. ఏ అంకె చిన్నదో తేలాలంటే ప్రాసెస్‌లోని థ్రెడ్‌లన్నీ ఒకే పట్టికను సంప్రదించాలి. ఏదో ఒక ఖాళీ అంకె చాలు అనివుంటే ప్రతి కోర్ తన వాటాలోంచి ఇచ్చేది. 2013లో క్లెమెంట్స్ బృందం దీన్ని ఒక సూత్రంగా నిలబెట్టింది: రెండు పిలుపులను ఏ క్రమంలో చేసినా ఫలితాల్లో తేడా కనబడకపోతే, ఒకదాన్నొకటి అడ్డుకోకుండా వాటిని అమలు చేసే మార్గం ఉంటుంది. క్రమం బయటకు కనబడేలా ఇంటర్‌ఫేస్ రాస్తే కెర్నల్ రచయిత చేతులు కట్టేసినట్టే.

పేరు మార్పుదీ ఈ కోవే. ఒక డైరెక్టరీని మరో డైరెక్టరీలోకి జరిపేటప్పుడు అది తన సొంత బిడ్డల కిందకు చేరిపోతే, చెట్టు నుంచి విడిపోయిన ఒక వలయం మిగిలిపోతుంది. అలా జరగదని తేల్చుకోవాలంటే, చూస్తున్నంతసేపూ చెట్టు ఆకారం కదలకూడదు. అందుకే లినక్స్‌లో ఒక డైరెక్టరీ నుంచి మరో డైరెక్టరీకి జరిపే పేరు మార్పులకు ఫైల్ సిస్టమ్ మొత్తానికి ఒకే మ్యూటెక్స్ ఉంది, అది ఇప్పటికీ అలాగే ఉంది.